తుపాను బొమ్మ, ముసురు వాన: వాతావరణ దృశ్యం రచనగా మారే తీరు

ఉగ్రరూపం దాల్చిన ప్రకృతిని పట్టిన ఒక చిత్రాన్ని ఎదుట పెట్టుకుని దాని ప్రేరణతో కథో కవితో వ్రాయడం నేడు సృజనాత్మక రచనా శిక్షణలో విరివిగా కనిపించే అభ్యాసం. ‘చిత్రం’ అనే మాట ఇక్కడ ఛాయాచిత్రానికీ, చిత్రకారుని కుంచె గీసిన దృశ్యానికీ, ఉపగ్రహం పంపిన మేఘాల బొమ్మకూ సమానంగా వర్తిస్తుంది. కారుమబ్బును చీల్చుకుని దిగుతున్న మెరుపు, తీరపు గోడను దాటి లేచిన కెరటం, సముద్రం మీద సున్నా చుట్టినట్టు తిరుగుతున్న వాయుగుండం వంటి దృశ్యాలు చూసిన క్షణంలోనే మనసును కదిలిస్తాయన్నది నిజమే అయినా, అలా కదిలిన మనసు నుంచి వెలువడే రచనల్లో అధికభాగం ఒకదానినొకటి పోలి ఉండడానికి కారణమేమిటన్నది ఈ ఉపన్యాసం పరిశీలించదలచిన ప్రశ్న. చిత్రం ఇచ్చేది ఒక్క క్షణాన్ని మాత్రమే కాగా వాతావరణాన్ని మనుషులు అనుభవించేది కాలంగా కనుక, ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని గుర్తించిన రచయితకే అటువంటి బొమ్మ ఉపయోగపడుతుందని, గుర్తించనివాని చేతిలో అది వర్ణనగానే మిగిలిపోతుందని ఇక్కడి ప్రతిపాదన.

ఇచ్చిన దృశ్యానికి రచన చేయడం పరాయి బడుల నుంచి వచ్చిన పద్ధతి అనుకోవడానికి ఆస్కారం లేదు. అవధానంలో పృచ్ఛకుడు ఒక సన్నివేశాన్ని చెప్పి దానిని పద్యంగా పలకమని కోరే అంశానికి ‘వర్ణన’ అనే పేరుంది. పృచ్ఛకుడంటే ప్రశ్న వేసేవాడు, అవధాని అంటే పలువురి ప్రశ్నలను ఏకకాలంలో ధారణలో నిలుపుకుని పూరించేవాడు. ‘చందమామ’ మాసపత్రిక ఏళ్ల తరబడి నడిపిన ఫోటో వ్యాఖ్యల పోటీ కూడా ఈ కోవలోనిదే: రెండు ఛాయాచిత్రాలను ఇచ్చి, ఒకదానికొకటి జోడుగా కుదిరే రెండు చిన్న వ్యాఖ్యలను పాఠకుల నుంచి కోరేవారు. ఆ పోటీ పిల్లల ఆటగా కనిపించినా అందులో ఒక గట్టి పాఠం ఉంది. ఒక్క బొమ్మ గురించి వ్యాఖ్య చెప్పమంటే బొమ్మలో ఉన్నదే చెప్పే ప్రమాదం ఉంటుంది. రెండు బొమ్మలకు పొంతన కుదర్చమన్నప్పుడు రెండింటిలోనూ లేని మూడవదానిని వెదకక తప్పదు.

ప్రాచీన లాక్షణికులు, అంటే కావ్య లక్షణాలను నిర్ణయించిన శాస్త్రకారులు, మహాకావ్యంలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం మొదలైన వర్ణనలు ఉండాలని చెప్పారు. దండి ‘కావ్యాదర్శం’లో చేసిన ఈ విధానమే తెలుగులో అష్టాదశ వర్ణనలుగా స్థిరపడి, కాలక్రమంలో ఋతువర్ణన కథకు అవసరమున్నా లేకున్నా తప్పనిసరిగా చెల్లించవలసిన సుంకంలా తయారైంది. కథను ఆపి, నాయకుణ్ణి ఉద్యానవనంలో నిలబెట్టి, వంద పద్యాల వసంతాన్ని అతని మీద కురిపించిన క్షీణయుగపు ప్రబంధకవికీ, మెరుపు బొమ్మను చూసి మొదటి పేరా అంతా ఆకాశాన్నే వర్ణించే నేటి విద్యార్థికీ మధ్య దూరం పైకి కనిపించినంత ఎక్కువ కాదు.

ఆ దోషానికి విరుగుడు కూడా అలంకారశాస్త్రంలోనే దొరుకుతుంది. భరతుని ‘నాట్యశాస్త్రం’ ప్రకారం విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం నిష్పన్నమవుతుంది. విభావమంటే భావం పుట్టడానికి కారణమైనది, అనుభావమంటే ఆ భావం శరీరంలోనూ చేష్టలోనూ పైకి కనబడే తీరు, వ్యభిచారి భావాలంటే ప్రధాన భావానికి తోడుగా వచ్చి పోయే చింత, శంక, గర్వం వంటివి. తరువాతి ఆలంకారికులు విభావాన్ని ఆలంబనమనీ, ఉద్దీపనమనీ రెండుగా విడదీశారు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో వారు ఆలంబనం. పుట్టిన భావాన్ని రగిల్చే వెన్నెల, మలయమారుతం, మేఘగర్జన మొదలైనవి ఉద్దీపనం. మేఘం ఎంత ఘనంగా ఉరిమినా అది ఉద్దీపనమే. ఉరుము విని ఉలిక్కిపడే మనిషి, ఆ మనిషికి ఉలిక్కిపడవలసిన కారణం లేకపోతే ఉద్దీపనం దేనినీ రగల్చలేదు. వాతావరణ చిత్రాన్ని చూసి వ్రాసిన రచన విఫలమైన చోట్ల చాలావరకు జరిగేది ఇదే: ఉద్దీపనాన్ని ఆలంబనమని పొరబడి, రచయిత తుపానునే నాయికను చేస్తాడు.

కాళిదాసు ‘మేఘదూతం’ ఈ విషయంలో పరిశీలించదగిన కావ్యం. అందులో మేఘమే దూత కనుక ఆలంబనం కూడా అదేనని మొదట అనిపిస్తుంది. కాని కవి, మేఘం పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన ముద్ద మాత్రమేనని, అటువంటి దాని చేత సందేశం పంపడం తగని పని అని ముందే ఒప్పుకుని, ఆ అనౌచిత్యం తెలియనంతగా యక్షుడు విరహంలో మునిగి ఉన్నాడని చెబుతాడు. అంటే మేఘానికి ప్రాణం పోసినవాడు యక్షుడు. యక్షుని స్థితిని తెలపడానికే కవి ఆ ప్రాణాన్ని అనుమతించాడు. భౌతికశాస్త్రం ముందు, భ్రాంతి తరువాత అనే ఈ వరుసను నేటి రచయితలు ఎందుకో అంతగా పట్టించుకోలేదు. ప్రకృతికి మానవభావాలను అంటగట్టడాన్ని ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో ఒక రకమైన భ్రమగా, భావావేశం వల్ల చూపు చెదరడంగా పేర్కొన్నాడు. భారతీయ ఆలంకారికులు దానినే సమాసోక్తి వంటి అలంకారాల్లో, అంటే ప్రస్తుత వస్తువు మీద మరొకరి ప్రవర్తనను ఆరోపించి చెప్పే పద్ధతుల్లో చేర్చి గౌరవించారు. ఆ ఆరోపణ ఎవరి చూపు నుంచి వస్తున్నదో కాళిదాసు చెప్పినంత స్పష్టంగా చెప్పినప్పుడు రెండు వాదాలకూ తగాదా ఉండదు.

ఇక చిత్రాల సంగతి. 1960 ఏప్రిల్ 1న అమెరికా ప్రయోగించిన టైరోస్-1తో వాతావరణాన్ని ఆకాశం నుంచి చూసే యుగం ఆరంభమైంది. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యలోకి చేరిన తరువాత బంగాళాఖాతం మీది మేఘాలు భారతీయుల ఇళ్లలోకి టెలివిజన్ ద్వారా రావడం మొదలైంది. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూభ్రమణంతో సమానమైన వేగంతో తిరుగుతూ, ఒకే ప్రాంతాన్ని ఎడతెగకుండా చూసే ఇటువంటి ఉపగ్రహాలను భూస్థిర ఉపగ్రహాలంటారు. అవి పంపే పరారుణ చిత్రం, కంటికి కనబడని ఉష్ణకిరణాల ఆధారంగా తయారయ్యే బొమ్మ. ఎత్తుగా లేచిన మేఘాల శిఖరాలు మిక్కిలి చల్లగా ఉంటాయి కాబట్టి వాటిని తెల్లగా చూపుతారు. వార్తల్లో కనబడే ఎరుపు, పసుపు, ఊదా రంగులు ఆ చలువ స్థాయిలను వేరుచేయడానికి యంత్రం పూసినవి. ఆ ఎరుపును చూసి ‘నిప్పులు కక్కుతున్న మేఘం’ అని వ్రాసినవాడు నిజానికి ఆ బొమ్మలో అన్నిటికంటె చల్లని చోటును నిప్పు అంటున్నాడు. కవిత్వానికి ఈ మాత్రపు స్వేచ్ఛ ఉండకూడదా అని అడగవచ్చు. తెలిసి తీసుకున్న స్వేచ్ఛకూ తెలియక దొర్లిన తప్పుకూ భేదం ఉంది. పైగా తెలిసినవానికి అంతకంటె విచిత్రమైన నిజమే చేతికందుతుంది.

శాస్త్రపదాలు కూడా ఒకనాటి ఉపమానాలే. ఆంగ్లంలో తుపానుకు వాడే ‘సైక్లోన్’ అనే మాటను కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం వ్రాసిన గ్రంథంలో ప్రవేశపెట్టాడు. వలయాన్ని, చుట్ట చుట్టుకున్న పామును స్ఫురింపజేసే గ్రీకు పదం దానికి మూలం. కాకినాడ సమీపంలోని కోరంగి రేవును 1839 నవంబరులో ముంచెత్తిన తుపాను ఆయన ప్రత్యేకంగా పరిశీలించిన వాటిలో ఒకటి. ఉపగ్రహాలు లేని ఆ రోజుల్లో వేర్వేరు ఓడల దినచర్య పుస్తకాల నుంచి గాలి దిక్కులను ఏరి, కాగితం మీద గుర్తులు పెట్టి, ఆ గుర్తులన్నీ కలిసి ఒక చుట్టగా తేలడాన్ని ఆయన ఊహతో చూశాడు. ఏ ఒక్క నావికుడికీ కనబడని పామును అందరి మాటలూ కలిపి చూసిన ఆ పని రచయిత పనికి ఎంత దగ్గరో వేరుగా చెప్పనక్కరలేదు.

చిత్రకారులలో జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ దగ్గరి హాంప్‌స్టెడ్‌లో కేవలం ఆకాశాన్నే పదేపదే చిత్రించాడు. ఆ చిన్న చిత్రాలలో పలువాటి వెనుక ఆయన తేదీ, వేళ, గాలి వీచిన దిక్కు వ్రాసుకున్నాడు. బొమ్మ ముందువైపు ఒక క్షణం ఉంటే వెనుకవైపు ఆ క్షణానికి ముందూ తరువాతా ఏమయిందో సూచించే కాలం ఉంది. రచనాభ్యాసానికి వాతావరణ చిత్రాన్ని వాడదలచినవారు బొమ్మ వెనుకవైపు నుంచి మొదలుపెట్టడం మేలు.

ఎందుకంటే వాతావరణంలో బొమ్మకు లొంగనిదే ఎక్కువ. తెలుగులో వానకున్న మాటలను చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. తుంపర, చినుకు, జల్లు, జడివాన, కుండపోత అనేవి వాన పరిమాణాన్నీ వేగాన్నీ తెలిపే మాటలు కనుక వీటిని కొంతవరకు ఛాయాచిత్రం పట్టగలదు. తొలకరి అన్నప్పుడు ఎండాకాలమంతా ఎదురుచూసిన నేల ఆ మాటలో ఉంది. ముసురు అన్నప్పుడు రోజుల తరబడి తెరిపి ఇవ్వకుండా పడే సన్నని వాన, ఆరని బట్టల వాసన, పనికి పోలేక అరుగుల మీద కూర్చున్న మనుషుల విసుగు ఉన్నాయి. ముసురును ఫోటో తీయడం సాధ్యం కాదు. తీసినా అది మామూలు చినుకులాగే కనబడుతుంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో సుమారు 14 రోజులు ఉండే కాలాన్ని కార్తె అని పిలిచి, రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని, మృగశిర వస్తే నేల చల్లబడుతుందని లెక్క వేసుకున్న రైతు భాష కూడా వాతావరణాన్ని కాలంగా అనుభవించిన భాషే.

శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో చేసిన వర్షర్తు వర్ణన ఈ దృష్టితో చదివినప్పుడు ఆశ్చర్యం కలిగిస్తుంది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన ఆ చక్రవర్తి ఉరుములనూ మెరుపులనూ విడిచిపెట్టలేదు గాని, ఆ వర్ణనలో పాఠకుని మనసుకు హత్తుకునేవి అవి కావు. తడిసిన కట్టెలు అంటుకోక, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకుని, పొగలో కళ్లు నలుపుకుంటూ వంట సాగించే గృహిణి అవస్థ ఒకచోట కనబడుతుంది. మరొకచోట రెడ్లు వానాకాలపు ఆకుకూరలను చింతచిగురుతో నూనెలో వండించుకుని, ఆరిక అన్నంతో తిని, పశువులు పొలానికి పోగా ఇంటిపట్టున మిగిలిన దూడలు ఒళ్లు నాకుతుంటే, మేకపెంటికల కుంపటి పక్కన మంచమెక్కి జడివానను సుఖంగా గడుపుతారు. రాజభవనపు గవాక్షం నుంచి ఈ కుంపటి కనబడే అవకాశం తక్కువ. అది ఎక్కడ నుంచి కనబడిందన్నది సాహిత్య చరిత్రకారులకు వదిలిపెట్టవలసిన ప్రశ్న. ఇక్కడ గమనించవలసింది, వాన ఎంత పెద్దదో చెప్పడానికి ఆకాశాన్ని కొలవకుండా పొయ్యిని కొలిచిన పద్ధతి. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఉద్దీపనం మీది నుంచి చూపు అనుభావం మీదికి, నలుపుకున్న కళ్ల మీదికి, దిగింది.

ఆధునిక కథలో ఇదే దిగుడు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో ఉంది. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో 1952లో రెండవ బహుమతి పొందిన ఈ కథకు పేరే వాతావరణం. అయినా కథ ఆరంభంలో గాలివాన లేదు. నియమాలతో, సిద్ధాంతాలతో తన జీవితానికి కట్టుదిట్టమైన ప్రహరీ కట్టుకున్న రావుగారు అనే పెద్దమనిషి రైలుపెట్టెలో ఉన్నాడు, ఆ పెట్టెలోకి చొరవగల ఒక బిచ్చగత్తె వచ్చింది. ఆలంబనం సిద్ధమైన తరువాతనే ఉద్దీపనం ప్రవేశించింది. అటు పిమ్మట రైలు నిలిచిపోవడం, చిన్న స్టేషను గదిలో చీకటిలో ఇద్దరు అపరిచితులు తలదాచుకోవడం జరిగి, కప్పులను ఎగరగొట్టిన గాలే రావుగారి సిద్ధాంతాలనూ కదిలిస్తుంది. కథలో తుపానును ఎవరూ పైనుంచి చూడరు. గది లోపలి నుంచి వింటారు, చలిగా ఒంటి మీద భరిస్తారు. ఉపగ్రహ చిత్రాలు ఇంటింటికీ చేరిన కాలంలో ఈ కథ పుట్టి ఉంటే అందులో మొదటి పేజీలోనే వాయుగుండం తీరం దాటే సమయం ఉండేదేమోనన్న అనుమానం అప్రస్తుతమే గాని, పూర్తిగా నిరాధారం కాదు.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచిన ఉప్పెన మరొక రకమైన రచనకు కారణమైంది. ఉప్పెన అంటే తుపాను గాలి తోసుకురాగా సముద్రం గోడలా లేచి నేల మీదికి రావడం. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు 10 వేల దాకా ఉన్న ఆ విపత్తులో గాలి కంటె నీరే ఎక్కువ ప్రాణాలు తీసింది. శవాల, పశు కళేబరాల నలుపు తెలుపు ఛాయాచిత్రాలు పత్రికల నిండా వచ్చాయి. దిగంబర కవులలో ఒకరైన నగ్నముని ఆ నేపథ్యంలో వ్రాసిన దీర్ఘకావ్యానికి ‘కొయ్యగుర్రం’ అని పేరు పెట్టారు. సముద్రమో కెరటమో గాలో ఆ శీర్షికలో లేవు. కదలవలసినప్పుడు కదలని వ్యవస్థకు ప్రతీకగా ప్రాణంలేని గుర్రం ఉంది. భయానకమైన చిత్రాన్ని చూసి భయాన్నే వ్రాయడం సులువు. ఆ చిత్రంలో ఎవరు లేరు, ఎవరు ఉండవలసింది అనే ప్రశ్న నుంచి ఆగ్రహం పుట్టింది. విపత్తుల ఛాయాచిత్రాలను తరగతి గదిలో ప్రేరణగా వాడేటప్పుడు ఎదురయ్యే నైతిక సంకోచానికి, అంటే పరుల ప్రాణాలు పోయిన దృశ్యాన్ని రచనాభ్యాసానికి ముడిసరుకుగా చేసుకోవడం తగునా అన్న సందేహానికి, ‘కొయ్యగుర్రం’ కంటె గట్టి సమాధానం తెలుగులో కనబడదు. ఆ సంకోచం లేకుండా బొమ్మలోని అందాన్ని మాత్రమే అనుభవించిన రచన మాత్రం ఒడ్డున నిలబడి కెరటాలకు ఫోటోలు తీసుకునేవాని స్థాయిని దాటదు.

బొమ్మల వ్యామోహం మరుగుపరచిన వాతావరణం ఇంకొకటి ఉంది. రెండు ఋతుపవనాలలో దేని వానలూ నిండుగా అందని అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల పరిసరాల్లోనే ఉంటుంది. ఆ సీమలో మిక్కిలి భీకరమైన దృశ్యం మబ్బులేని నీలాకాశం. దానిని ఫోటో తీస్తే విహారయాత్రల ప్రకటనకు పనికివస్తుంది. వేరుశనగ విత్తి, మూడు వారాలు వాన లేక, మళ్లీ విత్తనాలకు అప్పు చేయవలసి వచ్చినవాని కంటికి తప్ప ఆ నీలిమలోని క్రౌర్యం తెలియదు. సింగమనేని నారాయణ, మధురాంతకం రాజారాం వంటి రాయలసీమ కథకులు ఆ కంటినుంచి వ్రాశారు కనుకనే వారి కథల్లో మెరుపులు, పిడుగులు లేకపోయినా వాతావరణం పాత్రల మెడ మీద కూర్చుని ఉంటుంది. ఉగ్రమైన దృశ్యాలను ఏరి ఇచ్చే శిక్షకుడు ఒక ఖాళీ ఆకాశాన్ని కూడా వాటిలో కలిపి ఇస్తే, ఏ విద్యార్థి దానిని ఎన్నుకుంటాడో చూడడం వల్ల చాలా సంగతులు తెలుస్తాయి.

భాష విషయంలో ఒక ఇబ్బందిని కూడా ప్రస్తావించక తప్పదు. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అనే మాటలు గాలి వేగాన్ని బట్టి వాతావరణ శాఖ చేసే వర్గీకరణకు తెలుగు పేర్లు. హెచ్చరికకు ఇవి అత్యవసరం. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు 2004 నుంచి పేర్లు కూడా పెడుతున్నారు. అయితే బొమ్మతో పాటు ఈ మాటలు కూడా రచనలోకి యథాతథంగా వచ్చి, పాత్రలు వార్తలు చదివేవారిలా మాట్లాడుతున్నాయి. మత్స్యకారుడు గాలిని దాని దిక్కును బట్టి, నీటి రంగును బట్టి, వలలో పడ్డ చేపను బట్టి గుర్తిస్తాడు. చంద్రుని చుట్టూ వరదగూడు కట్టిందా లేదా అని రైతు చూస్తాడు. ఈ గుర్తులన్నీ శాస్త్రపరీక్షకు నిలుస్తాయని కాదు. పాత్ర లోకాన్ని ఎక్కడ నిలబడి చూస్తున్నదో అవి చెబుతాయి, ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో ‘వాయుగుండం’ చెబుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఉపగ్రహ చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. తలపై కుచ్చు ఉన్న ఒక పక్షి పేరును ఒమన్ దేశం ఆ తుపానుకు సూచించింది. బొమ్మలో తెల్లని సుడి, దాని నడుమ ఒక చిన్న మచ్చ ఉంటాయి. ఆ మచ్చను కన్ను అంటారు. సుడి మధ్యలో గాలి నెమ్మదించి, మేఘాలు పలచబడే ప్రదేశమది. కన్ను చుట్టూ గోడలా నిలిచే మేఘాల వలయంలోనే గాలి అత్యంత తీవ్రంగా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక, కన్ను ఒక ఊరి మీదుగా దాటినప్పుడు మొదట ఒక దిక్కు నుంచి వీచిన గాలి ఆగి, కొంతసేపు విరామం తరువాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఈ భౌతిక క్రమమంతా తెలిసిన రచయిత ఆ బొమ్మ మీద తెల్లని సుడిని వదిలి మచ్చ మీద వేలు పెడతాడు. ఆ వేలి కింద ఒక వీధి, వీధిలో ఒక ఇల్లు, గంటల తరబడి గడియ బిగించి కూర్చున్న ఒక కుటుంబం ఉన్నాయి. హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. తలుపు తెరవాలని ఒకరు, వద్దని మరొకరు అంటున్నారు. బయట ఎవరిదో ఆవు అరుస్తున్నది, అది తమదేనని ముసలాయన పట్టు. పడమటి గోడకు ఆనించిన మంచాన్ని తూర్పుకు జరపాలా అన్న సంగతి ఇంకా ఎవరికీ తట్టలేదు.